తెర మీది హోటలు

ఒక వస్తువును తయారుచేసేవాడు ఆ వస్తువు మనుషుల మధ్య నెలకొల్పే సంబంధాలకు కూడా బాధ్యుడవుతాడా? సాహిత్యం విషయంలో ఈ ప్రశ్నకు మనం ఎన్నడో సమాధానం చెప్పుకున్నాం. కథ రాసినవాడు ఆ కథ సమర్థించే విలువలకు బాధ్యుడేననీ, లోకంలో ఉన్నదే రాశానని తప్పుకోవటానికి వీల్లేదనీ అభ్యుదయ విమర్శ మొదటినుంచీ వాదిస్తూ వచ్చింది. కథకుడికి వర్తించే ఈ న్యాయం సెల్‌ఫోనులో నడిచే యాప్‌ను రాసేవాడికి వర్తించకపోవటానికి నాకు కారణం కనిపించదు. ఇవాళ ఒక కథను కొన్ని వేలమంది చదివితే గొప్ప. యాప్ చూపిన దారిన కోట్లమంది తింటున్నారు, తిరుగుతున్నారు, డబ్బు చెల్లిస్తున్నారు. అయినా దాన్ని మనం ఇంజనీర్ల వ్యవహారమని వదిలేశాం.

చర్చ గాలిలో సాగకుండా ఒక ఉదాహరణ తీసుకుంటాను. నేను మడకశిరలో పాఠాలు చెప్పేవాణ్ణి. మూడు వైపులా కర్ణాటక చుట్టుకున్న ప్రాంతం ఇది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. వాన నమ్ముకుని వేరుసెనగ వేసేవాళ్ళు, బోరులో నీళ్ళున్నంత కాలం మల్బరీ పెంచేవాళ్ళు, రెండూ లేనప్పుడు బెంగుళూరు బస్సెక్కేవాళ్ళు ఇక్కడి జనం. నా దగ్గర చదువుకుని ఆపైన కంప్యూటరు చదువు చదివిన ముగ్గురు కుర్రవాళ్ళు ఊళ్ళోని చిన్న హోటళ్ళకోసం ఒక యాప్ తయారుచెయ్యాలని సంకల్పించి, దాని నమూనాను కాగితాల మీద గీసి నాకు చూపించారు. ఫోనులో ఆర్డరు ఇస్తే ఇడ్లీ, చిత్రాన్నం, ముద్ద, టీ, కాఫీ ఇంటికో కొట్టుకో ఆఫీసుకో చేరతాయి. పెద్ద కంపెనీ వచ్చి కమిషను గుంజకముందే ఊరివాళ్ళకు ఊరి యాప్ ఒకటి ఉండాలని వాళ్ళ కోరిక. వాళ్ళు మంచివాళ్ళు. అందుకనే ఈ ఉదాహరణ మరింత పనికొస్తుంది. దుర్మార్గుడు చేసిన వస్తువులో దుర్మార్గాన్ని వెతకటం సులభం. మంచివాళ్ళు గీసిన గీతల్లోకి అన్యాయం ఏ దారిన జొరబడుతుందన్నదే తెలుసుకోవలసిన విషయం.

యాప్ అని ఏకవచనంలో అంటాం గాని, నిజానికి ఇందులో నాలుగు తెరలున్నాయి. ఒకటి తినేవాడిది: హోటళ్ళ జాబితా, ధరలు, చిరునామా, చెల్లింపు, తెచ్చే మనిషి ఎంత దూరంలో ఉన్నాడో చూపే మ్యాపు అందులో ఉంటాయి. రెండోది హోటలువాడిది: ఆర్డరు రాగానే గంట మోగుతుంది, ఎన్ని నిమిషాల్లో తయారవుతుందో చెప్పమంటుంది. మూడోది మోసుకెళ్ళేవాడిది: ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ ఇవ్వాలి, ఎంత ముడుతుంది అన్నవి చూపుతుంది. నాలుగోది యజమాని ముందు ఉంటుంది; మిగతా మూడింటిలో జరిగేదంతా అందులో కనిపిస్తుంది. మొదటి ముగ్గురిలో ఎవరి తెర ఇంకొకరికి కనిపించదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే నా వాదమంతా సులభంగా బోధపడుతుంది.

మామూలు హోటలు ఇందుకు విరుద్ధమైనది. అక్కడ ఒకే పైకప్పు కింద అందరూ అందరికీ కనిపిస్తారు. ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతున్నారో, ఎవరికి ఏ గ్లాసు ఇస్తున్నారో దాచటానికి వీలులేదు. మన రాజ్యాంగం 1950లోనే అస్పృశ్యతను రద్దుచేసింది. దుకాణాల్లో, హోటళ్ళలో కులాన్నిబట్టీ మతాన్నిబట్టీ ఎవరినీ అడ్డగించరాదని 15వ అధికరణంలో స్పష్టంగా చెప్పింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. దానికే 1976లో పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. ఇన్ని చట్టాలున్నా ఆంధ్రదేశంలో ఎన్నో ఊళ్ళ టీకొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టటం దశాబ్దాలపాటు సాగింది. 1998లో ఏర్పడిన కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం వంటివి ఈ రెండు గ్లాసుల పద్ధతిమీద ఊరూరా పోరాడవలసివచ్చింది.

ఆ పోరాటాలు సాధ్యం కావటానికి ఒక భౌతిక కారణం ఉంది. గ్లాసు కంటికి కనిపిస్తుంది. చూరులో విడిగా దోపిన గ్లాసును వేలు పెట్టి చూపించవచ్చు, ఫోటో తీయవచ్చు, అధికారి ముందు పెట్టి నిలదీయవచ్చు. 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు బోర్డుమీది "బ్రాహ్మణ" అన్న మాటను తీసివెయ్యాలని పెరియార్ నాయకత్వంలో జరిగిన ఆందోళనలో వందలమంది జైలుకు వెళ్ళారు. మరుసటి ఏడాదికి ఆ మాట పోయింది. వీధిలో వేలాడే బోర్డు కాబట్టే దానిమీద పోరాటం సాగింది.

రెండు గ్లాసుల చరిత్రలో ఇంకొక ఘట్టం కూడా ఉంది. మన వాళ్ళు దాన్ని అంతగా పట్టించుకోలేదు. పోరాటం వచ్చిన చాలా చోట్ల హోటలువాళ్ళు అందరికీ తాగి పారేసే కప్పులు పెట్టారు. అవమానం కంటిముందునుంచి తొలగింది, కాదనను. కాని ఎంగిలి కడగననే మనసు మారవలసిన అవసరం లేకుండానే సమస్య తొలగింది. కొత్త వస్తువు పాత సంబంధం రూపాన్ని మాత్రమే చెరిపి, సంబంధాన్ని అలాగే ఉంచవచ్చునని ఆ కప్పు మనకు నేర్పింది. యాప్ ఆ కప్పుకంటే చాలా తెలివైన వస్తువు.

ఇక కుర్రవాళ్ళ నమూనాకు వస్తాను. అందులో బస్టాండును కేంద్రంగా చేసి ఒక వృత్తం గీశారు. ఆ వృత్తం లోపల, మ్యాపులో పేరున్న వీధులకే ఆహారం చేరుతుంది. మిగతావాళ్ళకు "మీ ప్రాంతంలో ఈ సౌకర్యం లేదు" అనే వాక్యం కనిపిస్తుంది. ఊరి చివరి కాలనీలో సందులకు మ్యాపులో పేర్లు లేవు. ఆ వాక్యంలో కులం పేరు లేదు, రాసినవాళ్ళ మనసులోనూ లేదు. కాని ఊరినీ వాడనూ విడివిడిగా కట్టిన దేశంలో దూరానికి కూడా కులం ఉంది. ముగ్గురిలో ఒకడి ఇల్లు ఆ వృత్తానికి బయటే ఉంది. అతను కూడా గమనించలేదు. పాత హోటలువాడు ఒక మనిషిని గడప బయట నిలబెడితే ఆ మనిషి గడపను చూడగలిగేవాడు. ఇక్కడ కాలనీవాళ్ళకు ఎదురయ్యేది యంత్రం చెప్పే మర్యాదైన మాట. పక్క వీధివాడి తెరలో అదే సమయంలో పదిహేను హోటళ్ళ పేర్లు వెలుగుతున్నాయని వాళ్ళకు తెలిసే అవకాశం లేదు. రెండు గ్లాసులు పక్కపక్కన లేనప్పుడు రెండున్నాయని ఎవరు చెప్పగలరు?

"రెండు టీలకోసం అంతదూరం వెళితే గిట్టదు కదా" అని కుర్రవాళ్ళు అడిగారు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు కొత్తగా కనిపెట్టనవసరం లేదు. 1854లో ఈ దేశంలో తపాలా చార్జీలను దూరంతో నిమిత్తం లేకుండా ఒకటిగా చేశారు. అప్పటినుంచీ పక్క వీధికి రాసే ఉత్తరం మారుమూల పల్లెకు వెళ్ళే ఉత్తరం ఖర్చులో కొంత మోస్తూనే ఉంది. వలస ప్రభుత్వం తన వ్యాపార ప్రయోజనాలకోసం చేసినప్పటికీ ఆ సూత్రం మంచిది. ఊరి పొలిమేరలోపల అందరికీ ఒకే చార్జీ పెట్టి, దగ్గరివాళ్ళు అర్ధరూపాయి ఎక్కువ ఇస్తే దూరంవాళ్ళకు కూడా టీ చేరుతుంది. వృత్తం గీయటం లెక్కల పని అనుకున్నాం. ఎవరి ఖర్చు ఎవరు మొయ్యాలన్నది నీతికి సంబంధించిన పని.

రెండో చిక్కు మరింత జటిలమైనది. ఆహారం మోసుకొచ్చే మనిషి పేరు, ముఖం తినేవాడి తెరలో చూపించాలా వద్దా?

చూపించాలనటానికి బలమైన కారణం ఉంది. 1902లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆటోమాట్ అనే హోటలు తెరిచారు. గోడనిండా అద్దాల అరలు. బిళ్ళ వేస్తే తలుపు తెరుచుకుని తినుబండారం చేతికొస్తుంది. గోడ వెనక వంటవాళ్ళు, అరలు నింపేవాళ్ళు ఉన్నారు గాని తినేవాడికి కనిపించరు. పదార్థం తనంతట తానే పుట్టినట్టు ఉంటుంది. సరుకుల మధ్య సంబంధంగా కనిపించేది నిజానికి మనుషుల శ్రమల మధ్య సంబంధమేనని మార్క్సు 1867లో "పెట్టుబడి" మొదటి సంపుటంలో వివరించాడు. ఆ సిద్ధాంతానికి అంతకంటే సులభమైన బొమ్మ దొరకదు. శ్రమచేసే మనిషిని దాచటం దోపిడీకి మొదటి మెట్టు. కాబట్టి మనిషిని చూపించండి, పేరు చెప్పండి అని మనం అనవలసివస్తుంది.

కాని మన దేశంలో పేరు చెప్పటమంటే పుట్టుక చెప్పటమే. 2019 జులైలో జబల్‌పూర్‌లో ఒకాయన, తనకు ఆహారం తెస్తున్న మనిషి హిందువు కాడని పేరునుబట్టి గ్రహించి ఆర్డరు రద్దుచేసుకున్నాడు. మనిషిని మార్చటానికి జొమాటో కంపెనీ ఒప్పుకోలేదు, అంతవరకు మంచిదే. 2022లో హైదరాబాదులో ఒకడు "ప్రత్యేక సూచనలు" అనే గడిలో ముస్లిం మనిషి చేత పంపవద్దని రాసిన సంగతి తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ బయటపెట్టింది. కారం తగ్గించమని చెప్పటానికి పెట్టిన గడి అది. 2024 మార్చిలో అదే జొమాటో శాకాహారానికి వేరే మనుషులు, వేరే పెట్టెలు, ఆకుపచ్చ దుస్తులు అని ప్రకటించి, విమర్శ రాగానే మరునాడు దుస్తుల తేడాను మాత్రం విరమించుకుంది. ఇక్కడ కూడా కంటికి కనిపించేదే పోయింది. మనుషుల విభజన పోలేదు.

దాస్తే శ్రమ మరుగునపడుతుంది, చూపిస్తే పుట్టుక బయటపడుతుంది. ఈ చిక్కుముడిని విప్పటానికి, మనిషిలో ఏది చూపిస్తున్నామన్న ప్రశ్న వేసుకోవాలి. తినేవాడికి తెలియవలసింది మోసేవాడి కులం కాదు, మతం కాదు, అతని పని. ఎంత దూరం వచ్చాడు, హోటలు దగ్గర ఎంతసేపు నిలబడ్డాడు, నేనిచ్చిన డబ్బులో అతనికి ముట్టింది ఎంత? బిల్లులో పన్నుకు ఒక వరస ఉన్నట్టే ఇతని కూలికీ ఒక వరస ఉండాలి. తనను ఏ పేరుతో పిలవాలో అతనే నిర్ణయించుకోవాలి. వచ్చినవాడు సరైన మనిషేనా అన్న భయానికి నాలుగంకెల కోడు చాలు. ఏదైనా జరిగితే చెప్పటానికి పూర్తి వివరాలు నడిపే సంస్థ దగ్గర ఉంటాయి. ఇక మనిషిని మార్చమని అడిగే మీట తెరమీద ఉండనే కూడదు.

అంతకంటే ముఖ్యమైనది, చూపు రెండువైపులా సమానంగా ఉండాలి. నమూనాలో తినేవాడికి సూచనలు రాసే గడి ఉంది, నక్షత్రాలు వేసే చోటు ఉంది. మోసేవాడికి చెప్పుకునే చోటు ఎక్కడా లేదు. 2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఆహారం ఇవ్వటానికి వెళ్ళిన ఒక యువకుడు, ఆ ఇంటి కుక్క మీదికి రాగా మూడో అంతస్తునుంచి పడి, ఆస్పత్రిలో కొన్ని రోజుల తర్వాత చనిపోయాడు. గడప దగ్గర ప్రమాదం ఎవరికి పొంచి ఉందో ఈ సంఘటన చెబుతున్నది. ఈ ఇంట్లో కుక్క ఉంది, ఈ మెట్లకు దీపం లేదు, ఈ మనిషి నోరు మంచిది కాదు అని ఒక మోతగాడు రాస్తే తర్వాత వచ్చే మోతగాడికి తెలియాలి. నక్షత్రాలు వేసే హక్కు ఒక వర్గానికే ఉంటే అది అభిప్రాయం కాదు, పెత్తనం.

మూడోది వంటింటిలోని వరస. ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. ఫోను ఆర్డరుకు గంట మోగుతుంది, గడియారం నడుస్తుంది, ఆలస్యమైతే హోటలు పేరు జాబితాలో కిందికి పోతుంది. బెంచీమీద కూర్చున్నవాడికి గంట లేదు, గడియారం లేదు. కాబట్టి పెనంమీది మొదటి దోసె ఎవరికి పోతుందో ఊహించటం కష్టం కాదు. బెంచీమీద కూర్చునేది ఎవరు? కూలికి వచ్చినవాళ్ళు, పట్టుగూళ్ళు అమ్మి బస్సుకోసం ఎదురుచూసేవాళ్ళు, ముసలివాళ్ళు, మామూలు ఫోను మాత్రమే ఉన్నవాళ్ళు. ఫోను ఆర్డర్లు పెరిగినకొద్దీ బెంచీ అనవసరమైన ఖర్చుగా కనిపిస్తుంది. పెద్ద నగరాల్లో బెంచీలు లేకుండా వంటిల్లు మాత్రమే ఉన్న హోటళ్ళు ఇప్పటికే ఉన్నాయి. బెంచీ పోతే దానితోపాటు ఇంకొకటి కూడా పోతుంది. ఏమీ కొననివాడు కూడా హోటలు ముందు ఆగి "అన్నా, కొంచెం నీళ్ళు" అని అడగవచ్చు. ఈ కరువు సీమలో ఎవరూ కాదనరు. తెరమీది హోటలుకు కొనేవాడు తప్ప మనిషి తెలియడు. అందుచేత బెంచీమీది ఆర్డరు కూడా అదే వరసలో, వచ్చిన క్రమంలోనే నమోదు కావాలన్నాను. కుర్రవాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. హోటలువాడికి అదొక అదనపు పని అంటారు. ఆ వాదన నడుస్తూనే ఉంది.

ఈ ఆలోచనకు మూడు అభ్యంతరాలు వస్తాయి.

పరికరానికి నీతి ఉండదు, కత్తితో కూర తరగవచ్చు, గొంతూ కోయవచ్చు అనేది మొదటిది. కాని యాప్ కత్తిలాంటిది కాదు. అది హోటలులోని బెంచీల అమరిక వంటిది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎవరిని చూడాలో, ఎవరు ముందో ఎవరు వెనకో అమరికే నిర్ణయిస్తుంది. వాడేవాడు అందులో మార్చగలిగింది చాలా తక్కువ.

రెండోది, జనం కోరినదే మేము ఇస్తున్నామనేది. రెండు గ్లాసులు పెట్టిన హోటలువాడు కూడా ఇదే అన్నాడు: "నాకు ఏ పట్టింపూ లేదు, ఒకే గ్లాసు పెడితే మిగతావాళ్ళు రారు." అప్పుడు చెల్లని మాట ఇప్పుడు చెల్లదు.

మూడో అభ్యంతరం మన శిబిరంలోనుంచే వస్తుంది. యాజమాన్యం మారనంతకాలం మీటలూ గడులూ సవరించటం వట్టి సంస్కరణవాదం అంటారు. ఇందులో చాలా నిజం ఉంది. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం ఈ దేశంలో 2020-21లో 77 లక్షలమంది ఇటువంటి పనుల్లో ఉన్నారు. 2029-30కి ఆ సంఖ్య 2 కోట్ల 35 లక్షలవుతుందని అంచనా. మడకశిరనుంచి బెంగుళూరు బస్సెక్కినవాళ్ళలో ఈ మోతపని చేస్తున్నవాళ్ళు నాకు తెలుసు. 2014లో ఆ నగరంలోనే మొదలైన స్విగ్గీ 2024 నవంబరులో షేరు మార్కెట్టుకెక్కింది. మోసేవాళ్ళను మాత్రం కంపెనీలు కార్మికులని అనవు, భాగస్వాములని అంటాయి. 2020లో చేసిన సామాజిక భద్రతా కోడు అమలులోకి రావటానికి 2025 నవంబరు దాకా పట్టింది. బిల్లులో కూలి వరస చూపించినంత మాత్రాన కూలి పెరగదు. అది సంఘం పెట్టుకుని పోరాడితేనే పెరుగుతుంది. 1957లో కాఫీ బోర్డు తన కాఫీహౌసులను మూసివేస్తే ఉద్యోగాలు పోయిన కార్మికులు, ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలు పెట్టుకుని ఇండియన్ కాఫీహౌసులను తామే నడిపించారు. వడ్డించేవాళ్ళే యజమానులు కావచ్చునని అది రుజువు చేసింది. మా కుర్రవాళ్ళ యాప్‌ను కూడా హోటలువాళ్ళూ మోసేవాళ్ళూ కలిసి సహకార సంఘంగా నడిపితే బాగుంటుందనే నా అభిప్రాయం.

అయితే యాజమాన్యం మారినంత మాత్రాన వృత్తం కాలనీదాకా సాగుతుందని హామీ ఏమిటి? సహకార సంఘం కూడా గిట్టుబాటు పేరుతో అదే గీతను గీయవచ్చు. ఆస్తి సంబంధాలు పునాది అన్నంతమాత్రాన పైనున్నవన్నీ వాటంతటవే చక్కబడవని మన దేశపు కులం మనకు చాలాసార్లు పాఠం చెప్పింది. ఎవరిది అన్న ప్రశ్నా, ఎలా అమర్చారు అన్న ప్రశ్నా రెండూ అడగాలి. కర్ణాటక 2025లో చేసిన గిగ్ కార్మికుల చట్టంలో సంక్షేమనిధితోపాటు, యంత్రం ఏ పద్ధతిలో పని పంచుతున్నదో కార్మికుడికి తెలియజెప్పాలన్న నిబంధన కూడా ఉంది. ఈ రెండో ప్రశ్న ఇప్పుడు చట్టంలోకి కూడా వచ్చిందన్నమాట.

యాప్‌వల్ల మేలు లేదని నేననను. తెరలో ఆర్డరు ఇచ్చిన దళితుడికి హోటలువాడి కనుబొమలు చూడవలసిన పని ఉండదు. గుర్తు తెలియని మనిషిగా ఉండగలగటం ఈ దేశంలో చిన్న స్వేచ్ఛ కాదు. కాని ఈ తెర మనిషిని గుర్తు తెలియకుండా ఉండనివ్వదు. పేరు, ఫోను నంబరు, వీధి అడుగుతుంది. మన ఊళ్ళలో వీధి చెబితే ఇంకేమీ చెప్పనక్కరలేదు. ఆ స్వేచ్ఛ నిజమైనది కావాలంటే అవసరానికి మించిన ఒక్క అక్షరం కూడా అడగకూడదు, అడిగినదాన్ని పని కాగానే చెరిపెయ్యాలి.

కంప్యూటరు చదువు చెప్పే ఉపాధ్యాయులను, ఆ చదువు చదివే విద్యార్థులను నేను కోరేది ఒకటే. యాప్ విడుదల చేసేముందు దాని నాలుగు తెరలనూ కాగితం మీద అచ్చువేసి, ఊళ్ళో ఏదో ఒక హోటలు బెంచీమీద పక్కపక్కన పరచండి. తినేవాళ్ళను, వండేవాళ్ళను, మోసేవాళ్ళను, వృత్తానికి బయటున్న కాలనీవాళ్ళను పిలవండి. ఒకరి తెరను ఒకరు చదవనివ్వండి. అందరి ఎదుటా చదివి సమర్థించలేని గడి ఏదైనా ఉంటే దాన్ని కొట్టెయ్యండి.